గొడ్డలి తాకని గుండ్రాలు

పోయిన వారం డేగమ్మను చంకలో ఒక ఫొటో చుట్టతో బస్సెక్కించి వదిలేశాం. ఆమె దిగేలోగా సంగతి ఒకసారి గుర్తు చేసుకుందాం.

దేశంలో అడవి ఎంత మిగిలిందో లెక్కగట్టే ఆఫీసు ఆమెది. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు ముందేసుకుని ఏది అడవో, ఏది తోటో, ఏది ఉత్త పొదలో విడదీయడం ఆమె పని. ఆ చూపు వల్లే ఆఫీసులో ఆమెకు డేగమ్మ అని పేరు పెట్టారు. అయితే ఫొటోనొక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతారు. అంత ఎత్తు నుంచి చూస్తే తాతల నాటి మాను, మొన్న వానకు మొలిచిన పొద ఒకేలా పచ్చగా ఉంటాయి. అందుకని అడవుల్లో అక్కడక్కడ కొన్ని చోట్లు ఎంచి గుండ్రాలు గీసుకున్నారు. సర్వే జట్లు నడిచి వెళ్లి, గుండ్రం మధ్యలో ఒక ఇనుప మేకు పాతి, ఆ గుండ్రంలో ఉన్న ప్రతి చెట్టుకూ టేపు చుట్టి కొలిచి వస్తాయి. గుండ్రంలో చెట్లు ఎలా ఉంటే చుట్టుపక్కల అడవి అలాగే ఉన్నట్టు లెక్క. గుండ్రాలు ఎక్కడున్నాయో బయటివాళ్లకు తెలియకూడదు. తెలిస్తే అడవంతా, తనిఖీకి వచ్చే దొర కూర్చునే గది ఒక్కటే ఊడ్చి పెట్టిన బడిలా తయారవుతుంది.

సరిగ్గా అదే జరిగింది. ఏడాదంతా మబ్బు కమ్ముకుని ఉండే తూర్పు కొండల మీద ఒక పొద్దున మబ్బు విడిపోయి, మొదటిసారి దగ్గరి నుంచి తీసిన శుభ్రమైన ఫొటో వచ్చింది. అందులో పెద్ద చెట్లు లేవు. కొండలన్నీ పొదలే. ఆ పొదల మధ్య, గుండు మీద క్షౌరం చేసేవాడు మరిచిపోయిన జుట్టు కుచ్చుల్లా, అక్కడక్కడ నల్లటి గుండ్రాలు. ఆఫీసు గీసుకున్న గుండ్రాలన్నీ గొడ్డలి తాకకుండా అలాగే ఉన్నాయి. మిగతాదంతా పోయింది.

ఆ కొండల్లో కొలిచే జట్టుకు పెద్ద ఎవరో కాదు, డేగమ్మ సొంత బావ, అక్క మొగుడు.

ఆఫీసు పెద్దాయన ఆ ఫొటో చూసి చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఎవరికీ చెప్పకమ్మాయ్. ముందు మీ బావను అడుగు. ఇంటి మనిషివి, నీకైతే చెప్తాడు" అన్నాడు. సోమవారం మంత్రి చదవబోయే లెక్కలో తూర్పు కొండల అడవి చెక్కు చెదరలేదని ఉంది. ఆ లెక్క కింద పడాల్సింది డేగమ్మ సంతకం. అది చదివాక, తూర్పున కంట్రాక్టర్లను కొంత నరుక్కోనిచ్చినా అడవి తగ్గలేదు కాబట్టి పడమటి కొండలు కూడా నరుక్కోమని అనుమతి ఇస్తారు. ఇదీ సంగతి.

ఇక బస్సు దగ్గరికి వద్దాం.

దిగాల్సిన చోట ఆమె దిగలేదు. ఒక స్టాపు ముందుకు పోయి దిగి, మళ్లీ వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. మందుల షాపు ముందు ఆగింది, ఏమీ కొనలేదు. ఫొటో చుట్టకున్న రబ్బరు బ్యాండును లాగుతూ వదులుతూ, లాగుతూ వదులుతూ, సర్వే వాళ్ల క్వార్టర్ల మెట్ల దాకా వచ్చేసరికి అది పుటుక్కున తెగింది. తెగిన ముక్కను పారేయకుండా గుప్పిట్లో పెట్టుకుంది. ఎందుకో ఆమెకే తెలీదు.

ఏమని అడగాలి? అమ్మ పోయినప్పుడు ఆమె జడ వేసుకోవడం కూడా రాని పిల్ల. అక్కకు అప్పటికి పెళ్లయి ఏడాది తిరగలేదు. "ఇంకో పళ్లెం పెట్టు, అంతేగా" అని ఇంటికి తీసుకొచ్చింది బావ. లెక్కల్లో తప్పినప్పుడు తిట్టిందీ ఆయనే, అడవికి భుజాల మీద ఎత్తుకెళ్లి చెట్టు బెరడు వాసన చూపించిందీ ఆయనే. ఆ మనిషిని ఇప్పుడు దొంగవా అని అడగాలి.

మూడో అంతస్తులో తలుపు తీసే ఉంది. కిటికీ గట్టు మీద బావ బూట్లు బోర్లించి ఉన్నాయి. లోపల కుట్టు మిషను టకటకలాడుతోంది.

"చెప్పా పెట్టకుండా వచ్చావేంటే చిన్నీ?" అక్క మిషను ఆపకుండానే అంది. "ఆఫీసు లేదా?"

"శనివారం అక్కా."

"శనివారమైతే నువ్వు నిద్రపోతావు గానీ మా ఇంటికొస్తావా? ముఖం అలా పీక్కుపోయిందేంటి? తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధం. ఆ స్టూలు మీద గుడ్డలు తీసి కూర్చో."

డేగమ్మ కూర్చోలేదు. గది మధ్యలో కత్తిరింపు బల్ల ఉంది. దాని మీద నీలం గుడ్డ పరిచి ఉంది. అక్క ఎవరిదో కోటు కుడుతోంది. కిటికీలోంచి గాలి కొట్టినప్పుడల్లా గుడ్డ లేవబోతుంటే, ఒక మూల కత్తెర, ఒక మూల నున్నటి రాయి, ఇంకో మూల జానెడు ఇనుప కడ్డీ బరువుగా పెట్టింది. డేగమ్మ ఆ బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్లీ తిరిగింది.

"గానుగెద్దులా ఆ తిరుగుడేంటే, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంది అక్క.

లోపలి గదిలోంచి బావ నవ్వు వినిపించింది. "రావే డేగా. పైనుంచి చూస్తే మా ఇల్లు కనబడిందా, కిందికి దిగావు?"

ఆయన గోరువెచ్చటి నీళ్ల టబ్బులో పాదాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఏళ్ల తరబడి అడవుల్లో నడిచిన పాదాలు, వేళ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. పక్కన పేపరు, టీ గ్లాసు. రిటైరు కావడానికి ఇంకో ఏడాదిన్నర ఉంది ఆయనకు. ఆ తర్వాత ఏం చేస్తావు బావా అని ఎవరైనా అడిగితే, కాళ్లకు క్షమాపణ చెప్పుకుంటూ కూర్చుంటానంటాడు.

"నీతో పని ఉంది బావా."

"పని లేకపోతే నువ్వొస్తావా? కూర్చో. నిలబడి మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఆఫీసర్లు గుర్తొస్తారు."

"నువ్వే ఇటు రా. వెలుతురులో చూడాలి."

ఆయన గొణుక్కుంటూ లేచి, తడి పాదాలతో గచ్చు మీద అచ్చులేసుకుంటూ వచ్చాడు. డేగమ్మ ఫొటోను నీలం గుడ్డ మీద పరిచింది. అది మళ్లీ చుట్టుకుపోబోతే కత్తెర, రాయి తీసి దాని మీద పెట్టింది.

"ఇదేంటో చెప్పు."

బావ కళ్లజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దించాడు. "ఎవరికో గజ్జి పట్టింది పాపం" అన్నాడు.

ఆమె నవ్వలేదు. ఆయన ఆమె ముఖం చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. ఈసారి వంగి చూశాడు. ఏటి వంపు మీద వేలు పెట్టాడు. వంపు వెంట వేలు మెల్లగా పైకి పోయింది. రెండు తలల కొండ దగ్గర ఆగింది.

మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఇవి మా కొండలు" అన్నాడు బావ.

"అవును."

"ఎప్పటిదిది?"

"ఈ వారందే."

ఆయన స్టూలు మీద గుడ్డలు తీయకుండా వాటి మీదే కూర్చుండిపోయాడు. "పోయినసారి మేం వెళ్లింది ఏటి వైపు నుంచి" అన్నాడాయన, ఎవరికో జవాబు చెబుతున్నట్టు. "గుండ్రం దగ్గరికి పోవడం, కొలుచుకోవడం, చీకటి పడకముందే వెనక్కి రావడం. ఆ గట్టు అవతల ఏముందో చూసే తీరిక ఎవరికుంది? రంపాల మోత వినబడేది. ఎవరో పుల్లలు కొట్టుకుంటున్నారనుకున్నాం." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "అన్నీ పోయాయా?"

"గుండ్రాలు తప్ప అన్నీ."

"గుండ్రాలు తప్పా?"

"సరిగ్గా చూడు బావా. మనం తాడు పట్టుకుని చుట్టూ తిరిగి గీసినంత మేర వదిలారు. ఎక్కువ లేదు, తక్కువ లేదు. మీ జట్టు మళ్లీ వెళ్లి కొలిస్తే అడవి అలాగే ఉందని రావాలి. అందుకే వదిలారు." ఆమె ఒక గుండ్రం మీద వేలు పెట్టింది. "ఆ చోట్లు వాళ్లకెలా తెలిశాయి?"

బావ తలెత్తాడు. "నన్ను అడుగుతున్నావా, నన్నే అంటున్నావా?"

డేగమ్మ ఫొటో వైపే చూసింది. గుప్పిట్లో రబ్బరు ముక్కను నలుపుతూ నిలబడింది.

అక్క మిషను ముందు నుంచి లేచింది. "ఏంటే ఇది? ఆ ఆఫీసులో చేరాక నీకు మనుషులు కూడా పైనుంచే కనబడుతున్నారా? ఆయన మీద అనుమానంతో వచ్చావా ఈ ఇంటికి?"

"నువ్వుండక్కా."

"నేనెందుకుండాలి? చలి జ్వరాలతో, జలగలు కరిచిన పుండ్లతో వచ్చిన మనిషికి కట్లు కట్టింది నేను. అమ్ముకున్నవాడైతే ఈ మూడో అంతస్తులో, నీళ్లు రాని కుళాయి కింద బకెట్టు పెట్టుకుని ఎందుకుంటాడు?"

"ఉండు" అన్నాడు బావ. అక్కతోనే అన్నాడు. మెల్లగా అన్నాడు. "ఉండు. అది అడగాల్సిందే అడిగింది."

ఆయన టీ గ్లాసు కోసం చెయ్యి చాపి, అది లోపలి గదిలో ఉందని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మేకు మన్నులో జానెడు లోతున ఉంటుంది" అన్నాడు. "పైకి ఏ గుర్తూ ఉండకూడదని రూలు. మంచి రూలే, ఫ్యాను కింద కూర్చుని రాసిందే అయినా. మళ్లీ వెళ్లేసరికి ఆ మేకు మీద ఆకులు రాలి, మన్ను పేరుకుని, పంది తవ్వి, ఏమేమో అయిపోయి ఉంటుంది. దాన్ని వెతకడానికి పూట గడిచిపోయేది. మా టేపు పట్టుకునేవాడికి ఒకసారి మేకు దొరకలేదు గానీ తేలు దొరికింది. అందుకని..."

"అందుకని?"

"గుండ్రం అంచున ఉన్న చెట్లకు రంగు వేశాను. తెల్ల రంగు. బొటనవేలంత చుక్క. దూరం నుంచి కనిపిస్తే చాలు, నేరుగా పోయి కొలుచుకుని రావచ్చని."

డేగమ్మ కళ్లు మూసుకుంది.

"నరికేవాళ్లు కూలీలు" అన్నాడు బావ, తనకు తానే అప్పుడే అర్థం చేసుకుంటున్నట్టు. "రంగు వేసిన చెట్టంటే గవర్నమెంటు లెక్కపెట్టుకున్న చెట్టు. ముట్టుకుంటే జైలని వాళ్ల భయం. చుట్టూరా చుక్కలుంటే లోపలివి కూడా ముట్టుకోరు. నేనే... నా చేతులతో నేనే కంచె వేసి చూపించానన్నమాట."

డేగమ్మకు ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. రెండు రోజులుగా గుండెల మీద ఉన్న బండ ఎవరో దించినట్టనిపించింది. దొంగతనం కాదు. అమ్మకం కాదు. కాళ్ల నొప్పులు, తేలు, ఒక రంగు డబ్బా. ఇది చెప్పుకోగలిగిన తప్పు. తిడతారు, చార్జి మెమో ఇస్తారు, ఎక్కడికో బదిలీ చేస్తారు. అంతే.

"నవ్వుతావేంటే?" అంది అక్క.

"ఏం లేదక్కా. నీ మొగుడు ఉత్త బద్ధకస్తుడు. ఇంకేం కాదు."

"అది నన్నడిగితే బస్సు చార్జీ లేకుండా చెప్పేదాన్నిగా."

బావ కూడా కొంచెం నవ్వాడు. నవ్వి, ఫొటో మీదికి వంగాడు. పోయినవాళ్ల ఫొటో చూసినట్టు చూశాడు. ఒక్కో గుండ్రం మీద వేలు పెడుతూ పేరు పెట్టి పిలిచాడు. ఆఫీసులో వాటికి అంకెలే ఉంటాయి. ఆయన దగ్గర ప్రతిదానికీ ఒక కథ ఉంది.

"ఇది తేనెటీగల గుండ్రం. మా వంటవాడి చెవి ఇంత లావైంది. ఇది చెప్పు తెగిన గుండ్రం. ఇది మీ అక్క ఉత్తరం తడిసిపోయిన గుండ్రం, ఏం రాసిందో ఇప్పటికీ చెప్పదు. ఇది..."

వేలు ఏరు దాటింది. దాటి ఆగిపోయింది.

ఏటి అవతలి గట్టున, మిగతావాటికి దూరంగా ఒక గుండ్రం ఉంది. దాని పక్కన డేగమ్మ ఎర్ర పెన్నుతో అంకె రాసి పెట్టుకుంది.

"ఇదేంటి?" అన్నాడు బావ.

"ఇదీ నీదేగా. పోయిన సర్వేకు కొత్తగా ఎంచిన చోటు. కొలిచి పంపింది నువ్వే. నూట నలభై చెట్లు, మంచి లావు. నేనే కంప్యూటర్లో ఎక్కించాను."

బావ కళ్లజోడు తీసేశాడు. తీసి జేబులో పెట్టుకోబోయి, చొక్కాకు జేబు లేదని చూసుకుని, చేత్తోనే పట్టుకున్నాడు.

"డేగా" అన్నాడు. "నేనక్కడికి వెళ్లలేదు."

ఆమెకు అర్థం కాలేదు. "అంటే?"

"ఏరు పొంగి ఉంది. అయినా దాటుదామని నేనే పట్టుబట్టాను. మధ్యలో పడవ తిరగబడింది. మా టేపు పట్టుకునేవాణ్ని జుట్టు పట్టుకుని లాగాను, వాడి నోట్లోంచి నీళ్లు కక్కించేసరికి నా ప్రాణం పోయింది. దారి చూపే యంత్రం ఏట్లో పోయింది. ఆ యంత్రంలో అంతకుముందు మాకు కనిపించింది ఏంటి? ఒక బాణం గుర్తు. అవతలికి పొమ్మని. అంతే. ఆ చోటు ఎక్కడో మేం కంటితో చూసింది లేదు. తిరిగొచ్చి గుడారంలో కూర్చుని అంకెలు రాశాను. తేనెటీగల గుండ్రం అంకెలే, కాస్త అటూ ఇటూ మార్చి. యంత్రం తిరుగు దారిలో పోయిందని చెప్పాం."

"బావా..."

"రంగు వేసింది తప్పు. ఇది వేరు. నాకు తెలుసు."

ఆయన బల్ల దగ్గరికి వెళ్లాడు. నీలం గుడ్డ మూల మీద ఉన్న ఇనుప కడ్డీని చేతిలోకి తీసుకున్నాడు. బరువు పోగానే గుడ్డ మూల గాలికి లేచి టపటపా కొట్టుకుంది.

"ఇదే ఆ మేకు" అన్నాడు. "పాతలేదు. పారేయడానికి మనసొప్పలేదు. తెచ్చి అటక మీద పెడితే మీ అక్క దించి గుడ్డల మీద బరువు పెట్టుకుంటోంది."

"నాకేం తెలుసు?" అంది అక్క, చిన్న గొంతుతో. "బాగా బరువుగా ఉంది, జారదు అనుకున్నాను."

డేగమ్మ దాన్ని అందుకుంది. చల్లగా ఉంది. తల మీద అంకె కొట్టి ఉంది. ఫొటో మీద తన చేత్తో ఎర్ర పెన్నుతో రాసుకున్న అంకె, ఇనుము మీద కొట్టిన అంకె ఒకటే.

ఆమె నిలబడలేకపోయింది. కూర్చోలేకపోయింది. కిటికీ దగ్గరికి వెళ్లి బూట్లను అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు జరిపింది. రంగు లేదు, మేకు లేదు. ఆ గట్టు మీద మన మనిషి కాలు కూడా పడలేదు. అయినా నరికేవాళ్లు అక్కడికొచ్చి, గీత గీసినట్టు చుట్టూ కొట్టి, గుండ్రం వదిలి వెళ్లారు. ఎవరో ఆ చోటు వాళ్లకు చెప్పారు. చెప్పాలంటే ముందు తెలియాలి. గుండ్రాల చోట్లు ఉండేది ఆఫీసులో, తాళం వేసిన గదిలో, ఒక్క కంప్యూటర్లో. అది తెరవగలిగినవాళ్లు ఇద్దరే. ఒకరు తను.

రెండో మనిషి ఆమెకు ఫొటో చదవడం నేర్పినవాడు. నీడను బట్టి చెట్టు ఎత్తు చెప్పడం నేర్పినవాడు. పనిలో చేరిన మొదటి రోజున తన సొంత భూతద్దం తీసిచ్చి, "నా కళ్లు పోయాయమ్మాయ్, ఇకనుంచి నువ్వే నా కళ్లు" అన్నవాడు.

ముందు మీ బావను అడుగు అన్నాడు. ఇంటి మనిషివి, నీకైతే చెప్తాడు అన్నాడు. అది దయ అనుకుంది ఆమె.

"ఒక్క తూర్పు కొండలే అయి ఉండదు" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూనే. "ఆయన చెప్పాడంటే దేశంలో ఉన్న గుండ్రాలన్నీ చెప్పి ఉంటాడు. మనం కొలిచిన ప్రతి గుండ్రం చుట్టూ ఏముందో మనకు తెలీదు. సోమవారం చదివే లెక్క మొత్తం..."

"రాసెయ్" అన్నాడు బావ.

ఆమె తిరిగి చూసింది.

"అన్నింటికీ నేనే రంగు వేశానని రాయి. ఏటి అవతలిదానికి కూడా. నేను సంతకం పెడతాను. తూర్పు కొండల గుండ్రాలు పక్కన పెట్టి మిగతా లెక్క చదువుకుంటారు. నన్ను నాలుగు తిట్లు తిడతారు. నీ ఉద్యోగం నీకుంటుంది, నా పింఛను నాకుంటుంది. రెండోది బయటపడిందంటే..." ఆయన మాట పూర్తి చేయలేదు. దొంగ అంకెలు రాసినవాణ్ని ఇంటికి పంపేస్తారు, పింఛను ఉండదు, ఈ క్వార్టరు ఉండదు. జట్టులో ఉన్న మిగతావాళ్లు కూడా పోతారు, ఏట్లోంచి జుట్టు పట్టుకుని లాగినవాడితో సహా.

"అప్పుడు పడమటి కొండలు?" అంది డేగమ్మ.

"వాటిని నేను పుట్టించానా?"

"అలా అనకు బావా. నువ్వు అలా అంటే నాకు..." ఆమె బూటు లేసును వేలికి చుట్టింది. "నన్ను అక్కడికి భుజాల మీద ఎత్తుకెళ్లింది నువ్వే."

బావ తల దించుకున్నాడు. గచ్చు మీద ఆయన తడి పాదాల అచ్చులు సగం ఆరిపోయాయి.

అక్క మళ్లీ వెళ్లి మిషను ముందు కూర్చుంది. సూది కింద గుడ్డ పెట్టింది గానీ తొక్కలేదు. "ఇంతకీ నాకు ఒక్కటే అర్థం కావట్లేదు" అంది. "రంగు వేసింది మీరే. దొంగ అంకెలు రాసింది కూడా మీరే. సరే, ఆ రెండూ మీ నెత్తినే వేసుకోండి, నేను కాదనను. తర్వాత తీరిగ్గా నేను కూడా నాలుగంటాను. కానీ ఎవడో చెట్లన్నీ అమ్ముకుంటే, ఆ కట్టెల మోపు కూడా మీరెందుకు ఎత్తుకుంటారు?"

"పింఛను పోతుందే" అన్నాడు బావ.

"నా మిషను పోదుగా."

అప్పుడు మోగింది ఫోను. డేగమ్మది. వచ్చినప్పుడు సంచీతో పాటు మిషను పక్కన పడేసింది. అక్క చేతికి అందేంత దగ్గర్లో అది గిర్రున తిరుగుతూ మోగుతోంది. తెర మీద పెద్దాయన అని పేరు పడింది.

"ఎత్తకు" అన్నాడు బావ.

"ఎత్తకపోతే అనుమానం వస్తుంది" అంది డేగమ్మ. అంది గానీ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

అక్క ఎత్తింది. కుట్టేటప్పుడు చేతులు ఖాళీ ఉండవని ఆమెకు ఎప్పుడూ స్పీకరు నొక్కే అలవాటు. ఇప్పుడూ నొక్కింది.

"నేనండీ, వాళ్లక్కను."

"ఓ, మీరా అమ్మా. బాగున్నారా?" పెద్దాయన గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. "అమ్మాయి వచ్చిందా?"

"వచ్చిందండీ. చేతులు కడుక్కుంటోంది."

"ఆయనతో మాట్లాడిందా? ఏమన్నా ఒప్పుకున్నాడా?"

అక్క బావ వైపు చూసింది. బావ రెండు చేతులూ జోడించి, చాలు, అంతవరకే చెప్పు అన్నట్టు తలాడించాడు.

"చెట్లకు రంగు వేశానని ఒప్పుకున్నారండీ."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. "మంచిదమ్మా. భయపడకండి. పెద్ద విషయం కాదు, నేను చూసుకుంటాను. ఆ ముక్క ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వమనండి. సోమవారం లోపల అందితే చాలు. మీ కుటుంబానికి ఏమీ కాకుండా..."

"ఇంకోటి కూడా ఉందండీ" అంది అక్క.

డేగమ్మ రెండు అడుగులు ముందుకు వేసింది. వద్దని చెయ్యి ఊపింది. అక్క ఆమెను చూసింది, చూసి ముఖం తిప్పుకుంది. చిన్నప్పుడు డేగమ్మకు ముల్లు తీసేటప్పుడు కూడా ఇలాగే తిప్పుకునేది.

"ఏటి అవతలి గుండ్రానికి మా ఆయన వెళ్లనే లేదండీ. అంకెలు కూర్చుని రాశారు. తప్పే. దానికి ఏం శిక్ష వేస్తారో వేసుకోండి. కానీ అక్కడ పాతాల్సిన మేకు మా ఇంట్లోనే ఉంది. నేను గుడ్డల మీద బరువు పెట్టుకుంటున్నాను. ఎవరూ పోని చోట, ఎవరూ రంగు వేయని చోట గుండ్రం వదలమని వాళ్లకు చెప్పిందెవరండీ?"

ఫోనులో ఒక స్కూటరు హారను మోగింది, రెండుసార్లు. అదే హారను, అదే రెండుసార్లు, కిటికీలోంచి కూడా వినబడింది.

డేగమ్మ కిటికీ దగ్గరికి పరుగెత్తి కిందికి చూసింది. మెట్ల గుమ్మం ముందు ఆఫీసు కారు ఆగి ఉంది. అందులో ఎవరూ లేరు.

"అమ్మా" అన్నాడు పెద్దాయన. ఆ గొంతులో మెత్తదనం పోయింది. దాని బదులు ఏం వచ్చిందో డేగమ్మకు పోల్చుకోవడం చేతకాలేదు. కోపం కాదు. "ఆ మేకు ఇంకా మీ ఇంట్లోనే ఉందా?"

"ఉందండీ."

"దాన్ని ఎవరికీ ఇవ్వకండి. ఎవరడిగినా సరే. తలుపు..."

ఫోను కట్టయింది.

అక్క లేచి డేగమ్మ చేతిలోంచి మేకును తీసుకుంది. ఎగిరెగిరి పడుతున్న నీలం గుడ్డ మూలను లాగి సరిచేసి, దాని మీద మేకును ఎప్పటిలాగే పెట్టింది. ఫొటోను చుట్టి మిషను కింద తోసింది. కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది.

మిషను టకటకల మధ్య మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. పెద్దాయనకు మోకాళ్ల జబ్బు. ఆఫీసులో లిఫ్టు పనిచేయని రోజున ఆయన ఇంటికి తిరిగి వెళ్లిపోయేవాడు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఆగి ఎక్కుతున్న ఆ అడుగులు ఆయనవే అని డేగమ్మ గుర్తుపట్టింది.

వాటి వెనక ఇంకో జత అడుగులున్నాయి. అవి ఎక్కడా ఆగడం లేదు. ఫోనులో విన్నది భయమని, వెనకున్నది నరికించినవాళ్ల మనిషై ఉంటాడని డేగమ్మకు తట్టింది. ఆయన ఆగిన చోటల్లా ఆయన్ని ముందుకు నెడుతున్నాయి.